పెట్రోలు ముల్లు అబద్ధమాడితే

గోదావరికి వరద వచ్చిందంటే మా కోనసీమలో ఇంటింటా ఒకటే ప్రశ్న వినిపిస్తుంది: "ధవళేశ్వరం దగ్గర ఎంత ఉందిట?" 11.75 అడుగులంటే మొదటి హెచ్చరిక, 13.75 అంటే రెండోది, 17.75 అంటే మూడోది. లంక ఊళ్ళలో పిల్లలు కూడా ఈ మూడు అంకెలూ ఎక్కాల్లా అప్పజెబుతారు. ఆ అంకెను ఎవరూ అనుమానించరు. ఎందుకంటే అక్కడ కొలత నీళ్ళలోనే ఉంటుంది. నీరు ఏ గీత దాకా వచ్చిందో చూసి చెప్పడమే గాని, మధ్యన రాయబారం నడిపేవాళ్ళు లేరు.

కారులో పెట్రోలు ముల్లు సంగతి అది కాదు. అది పెట్రోలును చూడదు, ముట్టుకోదు. బండికి వెనక వైపున టాంకులో ఒక బెండు తేలుతూ ఉంటుంది. ఆ బెండు ఎంత ఎత్తున ఉందో ఒక తీగ వెంట కబురు వస్తుంది. ఆ కబురును బట్టి స్టీరింగు ఎదుట ముల్లు కదులుతుంది. కబురు నలుగురి నోళ్ళు మారితే ఏమవుతుందో పెళ్ళిళ్ళు కుదిర్చిన పెద్దలకు నేను చెప్పనక్కరలేదు.

కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునే మీకు ఈ గొడవెందుకండీ అని పాఠకులు అడగవచ్చు. ముక్తేశ్వరంలో మా అత్తవారింట ఒక పాత అంబాసిడరు ఉంది. దాని పెట్రోలు ముల్లు ఆడిన అబద్ధం వల్ల ఒక రాత్రి, నిండు చూలాలితో, మేము కాలవ గట్టు మీద చీకట్లో నిలబడవలసి వచ్చింది. అందుకని.

బండి 1960 నాటిది. మా మామగారు దాన్ని 1978లో కాకినాడలో సెకండు హాండులో కొన్నారు. అప్పటికి ఎదుర్లంక, యానాం మధ్య వంతెన లేదు. అది 2002లో గాని రాలేదు. కాకినాడ నుంచి మా ఊరికి కారు రావాలంటే రావులపాలెం మీదుగా చుట్టు తిరిగి రావాలి, లేదా కోటిపల్లి రేవులో పంటు ఎక్కాలి. ఇది పంటు మీదే వచ్చింది. కొత్త పెళ్ళికూతుర్ని దింపినట్టు నలుగురూ పట్టుకుని బల్లల మీదుగా రేవులోకి దింపారని మా అత్తగారు ఇప్పటికీ చెబుతారు. ఆవిడ మా ఇంటికి కాపురానికి వచ్చిన ముచ్చట మాత్రం ఇంత వివరంగా చెప్పరు.

అంబాసిడరు గురించి తెలుగువారికి కొత్తగా చెప్పవలసింది లేదు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారును తెచ్చి, హిందుస్థాన్ మోటార్స్ వారు 1950ల చివర్లో బెంగాలులోని ఉత్తర్‌పాడా కర్మాగారంలో తయారు చేయడం మొదలుపెట్టారు. 2014 మే నెలలో ఆపేశారు. 2017లో ఆ పేరు ఒక్కటే 80 కోట్ల రూపాయలకు ఫ్రాన్సు దేశపు ప్యూజో కంపెనీకి అమ్ముడుపోయింది. పేరుకు 80 కోట్లు పలికిన బండికి ఒక పెట్రోలు మీటరు కావాలంటే మాత్రం అమలాపురంలోనూ దొరకదు, కాకినాడలోనూ దొరకదు. పాత సామాన్ల వాళ్ళ దగ్గర దొరికినా అది పనిచేస్తుందో లేదో వాళ్ళకే తెలియదు.

2022 వేసవిలో మామగారు బండికి చిన్న మరమ్మతు చేయించారు. మాది తేమ గాలి. షెడ్డు ఉన్నది కొబ్బరి తోటలో. టాంకు తుప్పు పట్టి అడుగున చెమరుస్తుంటే, దింపించి, మాటు వేయించి, చక్కగా నల్లరంగు కొట్టించి మళ్ళీ ఎక్కించారు. ఆ తరువాత ముల్లు ఎప్పుడు చూసినా సగానికి అటూ ఇటూగా కనిపించేది. బండి నెలకు రెండుసార్లు కన్న కదలదు గనుక అందులో ఎవరికీ వింత తోచలేదు.

ఆ జులైలో గోదావరి మూడో హెచ్చరిక దాటింది. పంటు ఆగిపోయింది. అటువంటి రాత్రి, పురిటికి వచ్చి ఉన్న పక్కింటి అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్సుకు ఒకరు ఫోను చేస్తూండగానే మామగారు కారు బయటికి తీశారు. తాళం తిప్పగానే ముల్లు సగం దగ్గరకు లేచింది. ఆయన లెక్క సరైనదే: టాంకు 54 లీటర్లు, అందులో సగం 27, మా బండికి లీటరుకు పది కిలోమీటర్లు. అమలాపురం అరగంట దారి.

సగం దారిలో ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ముల్లు అప్పటికీ సగం చూపిస్తూనే ఉంది. ముల్లు మీద నమ్మకం కొద్దీ మా వారు ప్లగ్గులు చూశారు, పంపు చూశారు. వెనక సీట్లో ఆ అమ్మాయి తల్లి చెయ్యి పట్టుకుని పళ్ళు బిగించి కూర్చుంది. ఇరవై నిమిషాలు గడిచాక ఎదురుగా వచ్చిన మోటారు సైకిలు కుర్రాడు, "పెట్రోలు చూసుకున్నారా అండీ?" అని అడిగి, తన బండిలోంచి రెండు లీటర్లు సీసాలోకి దించి ఇచ్చాడు. అంబాసిడరు వెంటనే లేచింది. ఆడపిల్ల పుట్టింది, తల్లీ పిల్లా కులాసా. కాని ఆ ఇరవై నిమిషాలు మరో రకంగా ఖర్చయి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే నాకిప్పటికీ గుండె గుబగుబలాడుతుంది.

మరో మాట. మా కాళ్ళ కింద భూమి నిండా చమురూ, గాసూ ఉన్నాయని లోకమంతా అంటుంది. 1995లో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. అటువంటి సీమలో రెండు లీటర్ల పెట్రోలు లేక నిలబడ్డామని మా వారు నవ్వారు. నవ్వింది మర్నాడు లెండి.

ఇక తీర్పులు మొదలయ్యాయి. ఒక మెకానిక్కు మీటరు పోయిందన్నాడు. ఇంకొకాయన బెండు పోయింది, టాంకు మళ్ళీ దింపాలన్నాడు. మూడో ఆయన ముందు నుంచి వెనక దాకా వైరింగంతా మార్చేద్దామన్నాడు. మా వారు బండే అమ్మేద్దామన్నారు. మామగారు ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళి, లారీలకు సెల్ఫ్, డైనమో పని చేసే ఒక పాత ఎలక్ట్రిక్ మేస్త్రీని వెంటబెట్టుకు వచ్చారు. ఆయనకు అరవై దాటాయి. చేతిలో ఒక స్క్రూడ్రైవరూ, ఒక చిన్న దీపమూ, పది బారల వైరూ తప్ప మరేమీ లేవు.

"ఆయ్, ముందు ఏదీ మార్చకండి మేడంగారూ. అబద్ధం ఎవరాడుతున్నారో తేలనివ్వండి. మార్చడం ఎంతసేపండీ," అన్నారు.

మొదట టాంకు పూర్తిగా ఖాళీ చేయించారు. తాళం తిప్పించారు. చుక్క పెట్రోలు లేని టాంకుకు ముల్లు సగానికి కాస్త తక్కువ చూపించింది. పది లీటర్లు పోయించారు; సగం దాటింది. ఇంకో పది, ముప్పాతిక. ముప్ఫయి లీటర్లకు దాదాపు నిండు. ఇదంతా నన్ను కాగితం మీద రాయమన్నారు. నేను పరీక్ష పేపర్లు దిద్దే ఎర్ర కలంతోనే రాశాను.

"చూశారా, ముల్లు కదుల్తోందండి. పోసినకొద్దీ లేస్తోంది. అంటే బెండు తేల్తోంది, తీగ తెగలేదు. మొదలు పెట్టడమే తప్పు చోట మొదలు పెడుతోంది," అన్నారు. ఆ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. ముగ్గురు మెకానిక్కులూ ముల్లు తప్పు చూపుతోందని మాత్రమే చూశారు. ఎంత తప్పు, ఏ వైపు తప్పు, అన్ని చోట్లా ఒకేలా తప్పా అని ఈయన ఒక్కరే అడిగారు.

ఇక్కడ ఆ యంత్రం సంగతి కొంత చెప్పుకోవాలి. టాంకులో బెండుకు ఒక సన్నని కడ్డీ తగిలించి ఉంటుంది. పెట్రోలుతో పాటు బెండు లేస్తే, కడ్డీ చివర ఒక తీగచుట్ట మీద జరుగుతుంది. జరిగిన కొద్దీ కరెంటుకు అడ్డు పెరుగుతుంది, లేదా తగ్గుతుంది. చదువుకున్న పిల్లలు దీన్నే రెసిస్టెన్సు అంటారు. ముల్లు కొలిచేది ఈ అడ్డునే. పెట్రోలు ఎంత ఉందో దానికి నిజంగా తెలియదు.

మా బండిలోది పాత రకం మీటరు. అందులో రెండు తీగచుట్టలు అయస్కాంతాల్లా పనిచేస్తూ ముల్లును చెరో వైపుకూ లాగుతుంటాయి. ఒకటి ఖాళీ వైపుకు, ఒకటి నిండు వైపుకు. టాంకు దగ్గర అడ్డు తక్కువైతే రెండో చుట్టకు అందవలసిన కరెంటు అటు జారిపోయి, ముల్లు ఖాళీ వైపు ఒరుగుతుంది. అడ్డు పెరిగితే రెండో చుట్టకు బలం వచ్చి నిండు వైపుకు లేస్తుంది. కనుక ఈ రకంలో, టాంకు నుంచి వచ్చే తీగ ఎక్కడైనా తెగిందంటే ముల్లు నిండు కుండలా చూపిస్తుంది. తీగ ఒలిచిపోయి బండి ఇనుముకు తగిలిందంటే ఖాళీ చూపిస్తుంది.

తరువాత వచ్చిన రకం మరొకటి ఉంది. అందులో రెండు లోహాలు అతికించిన రేకు వేడికి వంగుతూ ముల్లును నెడుతుంది. దీనికి అన్నీ తిరగేసి చదువుకోవాలి. తీగ తెగితే ఖాళీ, ఇనుముకు తగిలితే నిండు! ఒకే పరీక్షకు రెండు రకాలూ ఎదురు జవాబులు చెబుతాయన్న మాట. ఇది తెలియక మంచి మీటర్లు ఎన్ని తుక్కులో పడ్డాయో అని మేస్త్రీ వాపోయారు. పోల్చుకోవడం కష్టం కాదు. తాళం తిప్పగానే ముల్లు చటుక్కున లేచి, కుదుపులకు ఊగుతూ ఉంటే పాత రకం. నింపాదిగా, ఆవులించి లేచినట్టు లేస్తే వేడి రకం. ఏ సంవత్సరం బండికి ఏ రకం వేశారన్న లెక్క కన్న ఈ చూపే నమ్మదగ్గది. అన్నేళ్ళలో ఎవరెవరు ఏమేం మార్చారో ఎవరికి తెలుసు?

ఇక పరీక్షలు. మేస్త్రీ ముందు మీటరు వెనక చూశారు. రెండు తీగలున్నాయి. ఒకటి తాళం తిప్పితే కరెంటు తెచ్చేది. దాని జోలికి పోకూడదు, అది ఇనుముకు తగిలితే వైర్లు కాలతాయి. రెండోది టాంకు నుంచి కబురు తెచ్చేది. దాన్ని విప్పారు, ముల్లు నిండుకు పోయింది. అది ఉన్న మరను చిన్న వైరు ముక్కతో బాడీ ఇనుముకు తాకించారు, ఖాళీకి పడింది. "మీటరు నిజాయితీపరుడండి," అన్నారు. మొదటి మెకానిక్కు తీర్పు అక్కడితో కొట్టుబడింది.

తరువాత టాంకు దగ్గరికి. ఇక్కడ మాత్రం ఆయన మనిషే మారిపోయారు. పిల్లల్ని దూరంగా పంపేశారు, వంటింటి కిటికీ మూయించారు, బీడీ కాలుస్తూ తొంగిచూస్తున్న పక్క తోట మాలిని కసిరారు. పెట్రోలు ఆవిరి గాలికన్న బరువు. పైకి పోకుండా నేల మీదే పరుచుకుంటుంది. చిన్న నిప్పురవ్వ చాలు. అందుచేత టాంకు దగ్గర ఏ తీగ విప్పినా, కలిపినా తాళం తీసేసిన తరువాతే. బిగించి, దూరం వచ్చి, అప్పుడు తాళం తిప్పాలి. మీ ఇంట్లో ఎవరైనా ఈ పని చేస్తానంటే ఈ ఒక్క సంగతీ రెండుసార్లు చెప్పండి. బెండు సామాను బయటికి తీయవలసి వస్తే బాటరీ తీగే విప్పేయాలి, అదీ ఆరుబయట.

తాళం తీసి, టాంకు మీది తీగ విప్పి, శుభ్రంగా గీకిన బాడీ ఇనుముకు కట్టారు. తాళం తిప్పితే ముల్లు సరిగ్గా ఖాళీకి వచ్చింది. అంటే ముందు నుంచి వెనక దాకా తీగ మంచిదే. మూడో మెకానిక్కు తీర్పు కూడా పోయింది.

"ఇక మిగిలింది ఎర్తండి," అన్నారు.

ఇంట్లో దీపానికి రెండు తీగలుంటాయి, కరెంటు రావడానికొకటి, పోవడానికొకటి. కారులో చాలా చోట్ల ఒకటే తీగ. తిరుగుదారి బండి ఇనుమే. టాంకు బాడీకి బిగించిన చోట ఇనుము ఇనుమును తాకుతుంటేనే ఆ దారి తెరిచి ఉంటుంది. మధ్యలో తుప్పు గాని, రంగు గాని, రబ్బరు గాని ఉంటే దారి ఇరుకవుతుంది. ఆ ఇరుకు కూడా అడ్డే గదా! మీటరుకు ఏ అడ్డు బెండుదో, ఏ అడ్డు రంగుదో తేడా తెలియదు. రెండూ కలిపి చదువుతుంది. పాత రకం మీటరులో అడ్డు పెరిగితే పెట్రోలు పెరిగినట్టే. మేము ఆ వేసవిలో కొట్టించిన నల్లరంగునే ముల్లు పెట్రోలు కింద లెక్క కట్టి చూపిస్తోంది.

మేస్త్రీ తాళం తీయించి, తెచ్చిన పొడుగు వైరును ఒక కొస టాంకు మూతి దగ్గర గీకిన ఇనుముకూ, రెండో కొస బాడీకీ బిగించారు. దూరం వచ్చి తాళం తిప్పించారు. అప్పుడు టాంకులో ముప్ఫయి లీటర్లున్నాయి. అంతవరకూ నిండు చూపిన ముల్లు సగానికి కొంచెం పైన వచ్చి నిలబడింది. మామగారు ఒక్క మాటా అనలేదు; జేబురుమాలు తీసి కళ్ళజోడు తుడుచుకున్నారు.

రంగు కొట్టిన వాళ్ళను తప్పు పట్టడానికి నాకు మనసు రాదు. వాళ్ళు చక్కగానే కొట్టారు. చక్కగా కొట్టడమే వచ్చిన చిక్కు. బిగింపుల దగ్గర రంగు గీకి, టాంకు నుంచి బాడీకి విడిగా ఒక ఎర్తు తీగ వేసి, తుప్పు పట్టకుండా పైన గ్రీజు రాశారు. తీగ ఖరీదు యాభై రూపాయలు కాలేదు.

ఇదే జబ్బు వేడి రకం మీటరుకు వస్తే ముల్లు ఉన్నదానికన్న తక్కువ చూపిస్తుంది. అది చేసే నష్టం, అవసరం లేకుండా బంకుకు వెళ్ళడమే. లేనిది ఉన్నట్టు చెప్పే ముల్లే ప్రాణాంతకం. అన్నట్టు, వేడి రకం బళ్ళలో పెట్రోలు ముల్లూ, ఇంజను వేడి చూపే ముల్లూ రెండూ ఒకేసారి ఒకే వైపు తప్పుతుంటే, వాటిని విడివిడిగా అనుమానించనక్కరలేదు. రెండింటికీ కరెంటును సుమారు పది వోల్టులకు అదుపు చేసి ఇచ్చే చిన్న డబ్బీ ఒకటి ఉంటుంది; ముందు దాన్ని చూడాలి, దాని ఎర్తును చూడాలి.

బెండు కూడా అప్పుడప్పుడు మోసం చేస్తుంది. ఇత్తడి బెండుకు సూదిమొనంత చిల్లు పడినా పెట్రోలు లోపలికి చేరి మునిగిపోతుంది. టాంకు నిండా ఉన్నా ఖాళీ అంటుంది. బయటికి తీసి చెవి దగ్గర ఆడిస్తే లోపల గలగలమంటుంది. పాత బళ్ళలో వలలకు కట్టే బెండు లాంటిదే ఉండేది. అది ఏళ్ళ తరబడి నాని బరువెక్కుతుంది. ముల్లు ఒకే ఒక్క చోట గంతు వేస్తుంటే, అక్కడ తీగచుట్ట అరిగిందన్న మాట. ఎప్పుడూ పావు టాంకుతో నెట్టుకొచ్చే సంసారాల్లో ఆ అరుగుదల పావు దగ్గరే ఉంటుందని మేస్త్రీ చెప్పి, మా వారి వైపు చూశారు.

ముల్లే లేకుండా లోకం నడవలేదా అంటే, నడిచింది. ఫోర్డు వారి మోడల్ టి కారులో ముందు సీటు ఎత్తి, కింది టాంకులో పుల్ల ముంచి చూసుకునేవారు. 1961 దాకా వచ్చిన జర్మనీ బీటిల్ కార్లకు పెట్రోలు ముల్లు లేదు. కాలితో తిప్పే రిజర్వు మర ఉండేది. మన బజాజ్ స్కూటరు నడిపిన ఇళ్ళలో ఆ మర ఎవరికి తెలియదు! బండి దగ్గగానే చెయ్యి దానంతటదే కిందికి పోయేది. మా అత్తగారు బియ్యం డబ్బా చూసే పద్ధతీ ఇదే. మూత తీసి మోచెయ్యి దాకా పెడతారు. ఆవిడ లెక్క ఎన్నడూ తప్పలేదు.

మర్నాడు టాంకు మళ్ళీ ఖాళీ చేసి, డబ్బా డబ్బా పోస్తూ ముల్లు చెప్పేదీ, నిజంగా ఉన్నదీ పక్కపక్కన రాశాం. బండి చదునుగా ఉన్నప్పుడే చూడాలి. పంటు బల్లల మీద ముక్కు ఎత్తి నిలబడ్డప్పుడు చూస్తే కాదు. ఖాళీ అన్నప్పుడు ఇంకా మూడు లీటర్లు మిగులుతున్నాయి. పావు అంటే 14, సగం అంటే 27, ముప్పాతిక అంటే 41. ఆ అంకెలు అట్ట మీద రాసి సామాన్ల అర తలుపుకు లోపలి వైపున అంటించాను. నా అక్షరాలు చిన్నవని, మామగారికి కళ్ళజోడు లేకుండా కనిపించాలని, మా వారు దాన్ని చింపి పెద్ద అంకెలతో మళ్ళీ రాశారు.